సాయం చేసినవాడిదేనా సంతకం?

వియత్నాం పేరెత్తితే మన సభల్లో ఇప్పటికీ చప్పట్లు మోగుతాయి. చిన్న దేశం, పేద దేశం, మోకాలిలోతు బురదలో నాట్లు వేసుకునే రైతులు ఫ్రాన్సును మట్టి కరిపించారు, అమెరికాను సాగనంపారు. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. చప్పట్లు ఆగాక వెనక వరుసలోంచి ఒక గొంతు లేస్తుంది: "వాళ్ళ వెనక రష్యా ఉన్నది, చైనా ఉన్నది. మన వెనక ఎవరున్నారు సార్?" రాప్తాడులో అయినా, ధర్మవరంలో అయినా, అనంతపురం కాలేజీ మెట్ల మీద అయినా ఇదే ప్రశ్న. అడిగేవాళ్ళలో విద్యార్థులున్నారు, టీచర్లున్నారు, ఎన్జీవోలున్నారు. వాళ్ళ ప్రశ్నలో నిజాయితీ ఉన్నది. ఆ ప్రశ్నకు కొందరు పెద్దమనుషులు తయారుచేసి పెట్టుకున్న జవాబుతోనే మాకు పేచీ. "ఢిల్లీలో ఒక పెద్ద పార్టీ అండ దొరికితే చాలు, సీమ రాష్ట్రం దానంతట అదే వస్తుంది. వియత్నాం గెలిచింది కూడా అట్లనే కదా" అంటున్నారు వాళ్ళు.

వియత్నాం అట్ల గెలవలేదు. అండ దొరికిన ప్రతిసారీ అది ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. ఆ లెక్క చెప్తాం. కానీ ముందు మన లెక్క చూసుకోవాలి. పరాయివాడి సాయానికి బిల్లు కట్టిన నేల మనది. అదీ వియత్నాం కన్నా నూటయాభై ఏళ్ళ ముందు.

ఎవరి సొమ్ము ఎవరికి దత్తం?

1798 దాకా హైదరాబాదులో నిజాం అలీఖాన్ దగ్గర ఒక ఫ్రెంచి దండు ఉండేది. దాని నాయకుడు రేమండ్. మూసారాంబాగ్ పేటకు ఆ పేరు వచ్చింది అతని మూలంగానే. ఒకపక్క మరాఠాలు, ఇంకోపక్క టిప్పు. నిజాంకు తన బలం మీద నమ్మకం లేదు, అందుకే అద్దె బలం. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. ఆ ఏడు సెప్టెంబర్‌లో నిజాం కుంఫిణీతో ఒడంబడిక చేసుకొని ఫ్రెంచి దండును రద్దు చేశాడు, ఇంగ్లీషు దండును నిలుపుకున్నాడు. ఒక పరాయివాణ్ణి పంపి ఇంకో పరాయివాణ్ణి తెచ్చుకున్నాడు. 1799 మేలో శ్రీరంగపట్నంలో టిప్పు నేలకూలాడు. ఆ గెలుపులో నిజాంకూ వాటా దక్కింది. 1792లో ఒక విడత, 1799లో ఇంకో విడత అతనికి దక్కిన ఆ వాటాలోనే మన నేల ఉన్నది.

మరి ఆ ఇంగ్లీషు దండుకు జీతాలు ఎవరివ్వాలి? నిజాం ఇవ్వాలి. ఏటేటా రొక్కం లెక్కపెట్టి తీసుకోవడం కుంఫిణీకి నచ్చలేదు. భూమే రాసివ్వమన్నది. 1800 అక్టోబర్ 12న సంతకాలయ్యాయి. తుంగభద్రకు, కృష్ణకు దక్షిణాన టిప్పు నుంచి వచ్చిందంతా, అంటే బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు కుంఫిణీ ఖాతాలో పడ్డాయి. కర్నూలు నవాబు సీమ ఒక్కటే 1839 దాకా ఆగింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఇక్కడ ఆ అత్తకు గానీ అల్లుడికి గానీ ఈ సొమ్ముతో ఏ చుట్టరికమూ లేదు. దున్నేది మనం, వానకు మొక్కేది మనం, శిస్తు కట్టేది మనం. సంతకం చేసిన గదిలో మాత్రం మనవాడు ఒక్కడూ లేడు.

ఆ తర్వాత మనకు పెట్టిన పేరు చూడండి. దత్తమండలాలు! దత్తం అంటే ఇచ్చేసినది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు పెట్టేదాకా, 128 ఏళ్ళు, మనం ఇచ్చేసిన జనంగానే పిలిపించుకున్నాం.

ఇచ్చేసిన నేల ఊరికే లొంగిందా? లేదు. 1800లో ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఇక్కడ 80 మంది పాళెగాళ్ళు ఎదురయ్యారు. కుంఫిణీ సైన్యం ఒక్కొక్క కోటనూ పట్టుకుంటూ పోయింది. కొందరిని తరిమేశారు, కొందరికి పింఛను పడేసి కూర్చోబెట్టారు. పాళెగాళ్ళను దేవుళ్ళను చేసే ఉద్దేశం మాకు లేదు. వాళ్ళ కింద రైతు సుఖపడ్డాడని ఎవరైనా చెప్తే నమ్మకండి. కానీ వాళ్ళను అణిచింది రైతు కోసం కాదు, వసూళ్ళ కోసం. పింఛను కథ ఎట్ల ముగిసిందో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చెప్పాడు. నెలకు పదకొండు రూపాయల చిల్లర విదిలించిన కుంఫిణీ మీద 1846లో తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. తలను ఏళ్ళ తరబడి కోట గుమ్మానికి వేలాడదీశారు.

మన్రో మంచివాడు కదా అంటారు కొందరు. అవును, ఆ దొరల్లో మంచివాడే. ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్న ఊళ్ళున్నాయి. 1827లో పత్తికొండలో కలరాతో పోతే గుత్తిలో పాతిపెట్టారు. ఆ మంచితనానికి హద్దు ఎక్కడో కూడా చూడాలి. ఇక్కడి శిస్తు మోయలేనంత బరువుగా ఉందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే పైవాళ్ళకు రాశాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. తగ్గింపు రావడానికి ఆయనే మద్రాసు గవర్నరు కావాల్సి వచ్చింది. నేల దండు జీతాల కింద జమ అయినప్పుడు కలెక్టరు మంచితనం బిల్లును ఆపలేదు.

ఇదీ మన దగ్గర పరాయి సాయం చరిత్ర. ఇప్పుడు వియత్నాంకు పోదాం.

ఆ దండు పేరు ఇండియన్ డివిజన్

1945 సెప్టెంబర్ 2న హనోయ్‌లో హోచిమిన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఆ ప్రకటన మొదలైందే అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలతో. అంతకు కొన్ని వారాల ముందే అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్ మనుషులు ఉత్తరాన అడవుల్లో దిగి వియత్‌మిన్‌కు తుపాకులిచ్చారు, శిక్షణ ఇచ్చారు, జబ్బుపడిన హోకు మందులు కూడా ఇచ్చారు. జపాన్ మీద పోరుకు పనికొస్తారని ఆ ప్రేమ! జపాన్ లొంగిపోయింది, ప్రేమ అయిపోయింది. ట్రూమన్‌కు హో రాసిన ఉత్తరాలకు జవాబే రాలేదు.

పెద్ద రాజ్యాలు అప్పటికే పోట్స్‌డాంలో కూర్చొని వియత్నాం నడుమ 16వ అక్షాంశం మీద గీత గీశాయి. జపాన్ సైన్యం దగ్గర ఆయుధాలు తీసుకునే పని ఉత్తరాన చాంగ్ కైషేక్ సైన్యానిది, దక్షిణాన బ్రిటిష్ సైన్యానిది. ఆ దక్షిణాన, సైగాన్‌లో దిగిన బ్రిటిష్ సైన్యం పేరేమిటో మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. ఇరవయ్యో ఇండియన్ డివిజన్! దాని అధిపతి జనరల్ గ్రేసీ. జపాన్‌ను నిరాయుధం చేయడానికి వచ్చిన ఆ పెద్దమనిషి ఫ్రెంచి సైనికుల చేతికి తుపాకులిచ్చాడు. సెప్టెంబర్ 23న వాళ్ళు సైగాన్ ప్రభుత్వ భవనాలను వశం చేసుకున్నారు. జనం తిరగబడితే అణచడానికి ఇండియా సిపాయిలను, అది చాలక లొంగిపోయిన జపాన్ సైనికులను కూడా వాడుకున్నాడు. తన దేశానికే స్వాతంత్ర్యం లేని సిపాయి, ఇంకొకరి స్వాతంత్ర్యాన్ని కాల్చడానికి పోయాడు. వాణ్ణి తప్పుపట్టి లాభం లేదు, వాణ్ణి అడిగి పంపలేదు. అడగకుండా భూమిని రాసిచ్చినట్టే, అడగకుండా మనుషుల్ని కూడా రాసిస్తారని తెలుసుకుంటే చాలు.

దీనిమీద ఇండియాలో నిరసన లేచింది. నెహ్రూ ఖండించాడు. 1947 జనవరి 21న కలకత్తాలో విద్యార్థులు వియత్నాం దినం జరిపితే పోలీసులు కాల్పులు జరిపారు. విద్యార్థి మిత్రులు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

గెలిచినవాడికి సగం

1954 మే 7. దియన్ బియన్ ఫూ. 56 రోజుల ముట్టడి తర్వాత ఫ్రెంచి కోట పడిపోయింది. అమెరికా అప్పటికే ఆ యుద్ధం ఖర్చులో సింహభాగం మోస్తున్నది. ఇటు వియత్‌మిన్‌కు చైనా ఫిరంగులు, సలహాదారులు. సరే, సాయం తీసుకున్నారు. ఎట్ల తీసుకున్నారో చూడాలి. జనవరిలోనే ఒక్క దెబ్బతో కోటను కొట్టేయాలన్నది మొదటి పథకం, చైనా సలహాదారుల మాటా అదే. తాళ్ళు కట్టి కొండల మీదికి ఫిరంగులు లాగారు. చివరి నిమిషంలో సేనాని జియాప్ వద్దన్నాడు. లాగిన ఫిరంగులను మళ్ళీ వెనక్కి లాగించాడు. ఆ నిర్ణయం తన జీవితంలోకెల్లా కష్టమైనదని తర్వాత రాసుకున్నాడు. మార్చి 13 దాకా ఆగి, సొరంగాలు తవ్వి, సైకిళ్ళకు వెదురు బద్దలు కట్టి, ఒక్కో సైకిలు మీద రెండు క్వింటాళ్ళ బియ్యం నడిపించి, అప్పుడు కొట్టాడు. ఫిరంగి చైనాది, ఎప్పుడు పేల్చాలన్నది తనది. మన పెద్దమనుషులు వియత్నాం గురించి చెప్పేటప్పుడు ఈ ముక్క ఎగరగొడతారు.

యుద్ధరంగంలో నిలుపుకున్న ఆ హక్కు జెనీవాలో నిలవలేదు. కోట పడిన మర్నాడే అక్కడ వియత్నాం మీద చర్చలు మొదలయ్యాయి. ఫాం వాన్ డాంగ్ 13వ అక్షాంశం దగ్గర గీత అడిగాడు. దక్కింది 17వది. తగ్గమని చెప్పింది ఎవరు? శత్రువు చెప్తే వినేవాడే కాదు. చెప్పింది చైనా ప్రధాని చౌ ఎన్‌లై, రష్యా మంత్రి మొలొటోవ్. కొరియా యుద్ధంతో అలిసిపోయిన చైనాకు సరిహద్దులో అమెరికా సైన్యం దిగకూడదు. రష్యాకు ఐరోపాలో తన లెక్కలున్నాయి. జూలైలో చౌ స్వయంగా హోను కలిసి నచ్చజెప్పాడు. జూలై 21 నాటికి పని పూర్తయింది. గెలిచినవాడికి సగం దేశం, మిగతా సగానికి ఒక హామీ: 1956 జూలైలో ఎన్నికలు జరిపి దేశాన్ని కలుపుతారట. అమెరికా ఆ ఒప్పందంలో చేరలేదు, సైగాన్ ప్రభుత్వమూ ఒప్పుకోలేదు. 1956 జూలై వచ్చింది, పోయింది. ఎన్నికలు రాలేదు.

ఆ ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత ఎవరిదనుకున్నారు? ఇండియాది. పక్కన కెనడా, పోలండ్. మన అధికారులు, సైనికులు హనోయ్, సైగాన్ల మధ్య తిరిగి ఏళ్ళ తరబడి నివేదికలు రాశారు. ఉల్లంఘనలను కాగితం మీద పెట్టారు. ఆపే అధికారం లేదు.

గోధుమ గింజకు కట్టిన తాడు

1965లో వానలు మొహం చాటేశాయి. 1966లో మళ్ళీ అదే. కరువంటే ఏమిటో అనంతపురం జిల్లాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. దేశమంతా అప్పుడు మన మాదిరే ఆకాశం వైపు చూసింది. పీఎల్ 480 కింద అమెరికా గోధుమల ఓడలు వస్తేనే రేషన్ షాపు తలుపు తెరిచేది. 1966లో బయటినుంచి తెచ్చుకున్న తిండిగింజలు దాదాపు కోటి టన్నులు. వయసు మళ్ళినవాళ్ళను అడగండి, ఆ గోధుమల సంగతి, బళ్ళో పోసిన పాలపొడి సంగతి చెప్తారు.

ఆ ఓడలను అధ్యక్షుడు జాన్సన్ ఒకేసారి వదల్లేదు. నెలకింతని, తన చేతిలో తాడు పెట్టుకొని వదిలాడు. వ్యవసాయ విధానం మార్చుకోండన్నది పైకి చెప్పిన షరతు. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు, అదీ బయటి ఒత్తిడితోనే. జూలైలో ఇందిరాగాంధీ వియత్నాం మీద బాంబులు ఆపమన్నది, మాస్కోలో సంయుక్త ప్రకటన మీద సంతకం పెట్టింది. వాషింగ్టన్‌కు కోపమొచ్చింది, ఓడల తాడు ఇంకా బిగిసింది. కమిషన్‌కు అధ్యక్షత వహించే దేశం, వియత్నాం గురించి ఒక మాట అనడానికి గోధుమ గింజలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. కరువు నేల ఆకలిని వియత్నాం మీద బాంబులేసేవాడు ఇట్ల వాడుకున్నాడు. దేశం తాకట్టులో ఉందని మన జిల్లా తరిమెల నుంచి వచ్చిన నాగిరెడ్డి గారు కోర్టులో నిలబడి చెప్పింది ఊరికే కాదు. ఆయన దారితో అందరూ ఏకీభవించనక్కర్లేదు. 1969లో శాసనసభ్యత్వం వదిలి ఆయన పోయిన దారి వేరు, మన దారి వేరు. కానీ తాడు ఎవరి చేతిలో ఉందో ఆయన చూశాడు.

కొరియా సంగతి ఒక్క మాటలో. అమెరికా డాలర్లకు దక్షిణ కొరియా వియత్నాంకు సైన్యం పంపింది. ఒక దశలో 50,000 మంది అక్కడ ఉన్నారు. ఆ దేశపు నిర్మాణ కంపెనీలు అక్కడే కాంట్రాక్టులు చేసి బలిశాయి. ఇవాళ మన హైవే మీద పెనుకొండ వైపు నుంచి కార్లు మోసుకొచ్చే లారీలను చూస్తుంటాం. ఆ ఫ్యాక్టరీని ఆ యుద్ధానికి ముడిపెట్టడం లేదు. సాయం పేరుతో జరిగే యుద్ధంలో ఎవరి లాభం ఎక్కడ తేలుతుందో చెప్తున్నాం.

ఇక సోదర దేశాల సంగతి. రష్యా క్షిపణులిచ్చింది. 1965 నుంచి నాలుగేళ్ళలో వంతులవారీగా 3 లక్షలకు పైగా చైనా సైనికులు ఉత్తర వియత్నాంలో రోడ్లు వేశారు, విమానాల మీద ఫిరంగులు పేల్చారు. ఆ సాయం లేకుండా గెలిచేవాళ్ళమని వియత్నాం ఎప్పుడూ అనలేదు, మేమూ అనం. కానీ 1972 ఫిబ్రవరిలో పెకింగ్ విందులో కూర్చున్నది ఎవరు? నిక్సన్. మేలో హైఫాంగ్ రేవులో మందుపాతరలు పరిచి, అదే నెలలో మాస్కో విందులో కూర్చున్నదీ నిక్సనే. 1979 ఫిబ్రవరి 17న వియత్నాం సరిహద్దు దాటి దండెత్తింది ఏ దేశం? ఆ చైనానే. అవతలి పక్షం గతి ఇంకా కనాకష్టం. 1973 జనవరిలో పారిస్ ఒప్పందం ముందుపెట్టి సంతకం చేయమని సైగాన్ అధ్యక్షుడు థియూ మెడలు వంచింది అతని అమెరికాయే. రెండేళ్ళకు, 1975 ఏప్రిల్ 30న, అతని రాజ్యమే లేదు. గెలిచినవాళ్ళు ఆ తర్వాత చేసిందంతా మెచ్చుకోం. పడవలెక్కి సముద్రంలోకి పారిపోయినవాళ్ళ కథ కూడా వియత్నాం కథలోదే.

మన కాగితాలు

బాంబులు పడ్డ నేలనూ వాన పడని నేలనూ ఒకే గాటన కట్టడం తప్పు. మన మీద నాపాం కురవలేదు. మన పేచీ స్వతంత్ర దేశంలో, రాజ్యాంగం లోపల. కానీ కాగితాలు ఎట్ల పుడతాయో, ఎట్ల చస్తాయో చూస్తే పోలిక దానంతట అదే కనపడుతుంది.

1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో రాసిన శ్రీబాగ్ ఒప్పందం ఏం చెప్పింది? అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో పదేళ్ళు సీమకు ముందు హక్కు. రాజధాని, హైకోర్టు రెంటిలో సీమ కోరుకున్నది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలుకు వచ్చింది. ఆ రోజే బళ్ళారి తాలూకా మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు, బళ్ళారి అటు. తుంగభద్ర ఆనకట్ట కూడా అటే ఉండిపోయింది. 1956 నవంబర్ 1న కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది. వియత్నాంలో జరగని ఎన్నికలది కూడా 1956వ సంవత్సరమే. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం దక్కింది 1981లో, ఒప్పందం రాసిన 44 ఏళ్ళకు.

అది పాత కథ అనుకుంటే 2013 డిసెంబర్ గుర్తుచేసుకోండి. అనంతపురం, కర్నూలు జిల్లాలను కోసి తెలంగాణకు అతికిస్తే ఎట్ల ఉంటుందని ఢిల్లీలో కొన్ని రోజులు లెక్కలు వేశారు. రాయల తెలంగాణ అని దానికి పేరు. డిసెంబర్ 5న కేంద్ర మంత్రివర్గం పది జిల్లాల తెలంగాణకే ఒప్పుకోవడంతో ఆ మాట మూతపడింది. అది మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కనపెట్టండి. మనల్ని ఎవరడిగారు? 1800లో నిజాం, కుంఫిణీ అడిగారా? ఎవరికి ఎన్ని సీట్లన్న లెక్కలో మన రెండు జిల్లాలు రెండు గుండ్లు, తక్కెడలో ఇటు వేసి చూశారు, తీసేశారు. 2014లో వెనకబడిన ప్రాంతాలకు బుందేల్‌ఖండ్ తరహా ప్యాకేజీ అన్నారు. రాప్తాడు రైతుకు ఆ ప్యాకేజీ ఎక్కడ దిగిందో చూపించమనండి.

అందుకే "మన వెనక ఎవరున్నారు" అన్న ప్రశ్నకు మా జవాబు ఇది. ఎవరైనా ఉండవచ్చు. ఢిల్లీ పార్టీ మద్దతిస్తే తీసుకుందాం, పక్క రాష్ట్రంవాళ్ళు సభకు వస్తామంటే కుర్చీ వేద్దాం. విరాళాన్ని రసీదు ఇచ్చి తీసుకుందాం, లెక్క ఊళ్ళో గోడకు అతికిద్దాం. కానీ మన తరఫున మాట్లాడే అధికారం ఎవరికీ అప్పజెప్పవద్దు. ఎన్నికల పొత్తులో సీమ రాష్ట్రం ఒక పేరాగ్రాఫు కావడం, ఎన్నికల తర్వాత ఆ పేరాగ్రాఫు మాయం కావడం చూడటానికి ఇంకో తరాన్ని బలిపెట్టలేం. "ముందు అండ, తర్వాత షరతులు" అనే పెద్దమనుషులు నిజాం అలీఖాన్ పాఠమే మళ్ళీ చదువుతున్నారు. అద్దె దండు ముందొస్తుంది, జీతాల లెక్క తర్వాతొస్తుంది, అప్పుడు కోసిచ్చేది మన మడే.

కాబట్టి ఉద్యమ నాయకత్వాన్ని, అందులో మా మిత్రులు కూడా ఉన్నారు, ఒక్కటే అడుగుతున్నాం. రేపు ఢిల్లీలోనో అమరావతిలోనో ఏ పార్టీతోనైనా ఏ అవగాహనైనా కుదిరితే, సంతకం కాకముందు ఆ కాగితం ఇక్కడికి రావాలి. రాప్తాడులో, గుత్తిలో, కదిరిలో, రాయదుర్గంలో జనం ముందు తెలుగులో చదవాలి. నీళ్ళు ఎన్ని టీఎంసీలు, ఏ కాలువలో, ఏ నెలలో అన్నది అంకెల్లో ఉండాలి. హైకోర్టు ఏ ఊళ్ళోనో, ఉద్యోగాల్లో ఏ జోనుకు ఎంతో రాసి ఉండాలి. మాట తప్పితే ఎవరు రాజీనామా చేస్తారో వాళ్ళ పేర్లు కూడా అదే కాగితం మీద ఉండాలి. చదివి వినిపించడానికి తీరిక లేదన్న నాయకుడికి సంతకం పెట్టే తీరికా ఉండకూడదు.